తీన్‌మార్ మొదలైతే ఆగాలి

పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని పెద్దలు ఊరికే అనలేదు. మా బోధన్‌లో నా ఈడువాళ్ళెవరూ ఆ మాట చెవిన పెట్టలేదు, నేనూ పెట్టలేదు. తెల్లవారకముందే లేచి పరుగెత్తేవాళ్ళం. పగలంతా లైబ్రరీలో కూర్చుని చదివేవాళ్ళం. పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి ముందు ఒక రాతపరీక్ష, తర్వాత పరుగు, ఆ తర్వాత మళ్ళీ రాతపరీక్ష ఉంటాయి కాబట్టి కాళ్ళకూ కళ్ళకూ సమానంగా పని పడేది. మిగతావాళ్ళ రోజు అక్కడితో అయిపోయేది. నాకు సాయంత్రం గుర్రం పని ఉండేది.

ఈ మూడు పనుల మధ్యనే నా ఇరవైలు గడిచిపోయాయి. పొద్దున్నే పరుగెత్తితే మనసు తేలికవుతుందని ఈమధ్య చాలామంది చెప్తున్నారు. వింటే నాకు ఒళ్ళు మండుతుంది. సరదాకు పరుగెత్తేవాడు అలసిపోతే ఆగి మంచినీళ్ళు తాగుతాడు. ఉద్యోగం కోసం పరుగెత్తేవాడికి అలసట వస్తే భయమేస్తుంది. నేను ఆ భయంతోనే ఏళ్ళ తరబడి పరుగెత్తాను. ఇప్పటికీ చీకటి ఉండగానే మెలకువ వస్తుంది. ఎక్కడికీ వెళ్ళాల్సిన పని లేదని గుర్తొచ్చాక కూడా కాసేపు గుండె దడదడలాడుతూనే ఉంటుంది.

మాది పెళ్ళిగుర్రాల ఇల్లు. తాత కాలంలో ఇంటి వెనక గుర్రాలు బారుగా కట్టేసి ఉండేవట. నాకు బుద్ధి తెలిసేసరికి రెండు మిగిలాయి, ఆ తర్వాత ఒకటి. అది తెల్లటి ఆడగుర్రం. మా అబ్బా, అంటే మా నాన్న, దాన్ని నాందేడ్ దిక్కు జాతరలో కొన్నాడు. అందుకే మొదట్లో దానికి మరాఠీ తప్ప ఇంకో భాష వచ్చేది కాదు. "థాంబ్" అంటే నిలబడేది, "ఆగు" అంటే చెవి కూడా కదిలించేది కాదు. మా ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుంటాం, బజారులో తెలుగు మాట్లాడతాం, గుర్రం కోసం మరాఠీ కూడా నేర్చుకున్నాం. బీడీలు చుట్టీ చుట్టీ నడుము పట్టేసిన మా అమ్మీ ఒక్కతే, తనకు ఇన్ని భాషలెందుకని, ఆ గుర్రాన్ని సైగలతోనే నడిపించేది. అది ఆమె మాటే ఎక్కువ వినేది.

పెళ్ళిగుర్రాన్ని నడిపించడం పెద్ద విద్యేమీ కాదని చాలామంది అనుకుంటారు. పగ్గం పట్టుకుని ముందు నడవడమే కదా అంటారు. బరాత్ ఊరేగింపులో గుర్రం ముందు బ్యాండు ఉంటుంది, బ్యాండు వెనక చిందులేసి ఎగిరేవాళ్ళు ఉంటారు. ఎగిరేవాళ్ళలో సగం మందికి వెనక గుర్రం ఉందన్న సోయి ఉండదు. డప్పు మామూలుగా మోగుతున్నంతసేపు అందరూ ముందుకు కదులుతారు. తీన్‌మార్ మొదలైందంటే ఎక్కడివాళ్ళు అక్కడే గుండ్రంగా చేరి ఎగురుతారు. ఆ క్షణంలో గుర్రం ఒక్క అడుగు ముందుకు వేసినా ఎవరి మడమ మీదనో డెక్క పడుతుంది. కాబట్టి తీన్‌మార్ మొదటి దెబ్బకే గుర్రం ఆగాలి.

నాకు మీసాలు రాకముందే అబ్బా నా చేతికి పగ్గం ఇచ్చి ఇది నేర్పాడు. పగ్గం గుంజి ఆపబోతే నా చేతి మీద చిన్నగా కొట్టాడు.

"దాన్ని ఆపొద్దు. నువ్వాగు. నువ్వాగితే గదే ఆగుతది."

తీన్‌మార్ వినగానే కుడిభుజం కొంచెం వెనక్కి వెయ్యాలి, మడమలు నేలకు ఆనించాలి. గుర్రం నా భుజాన్ని చూసి ఆగుతుంది. ఆగిన గుర్తుగా దాని వెచ్చని ఊపిరి నా భుజానికి తగులుతుంది. అప్పుడిక వెనక్కి తిరిగి చూడాల్సిన పని లేదు. మొదట్లో చెవులు రిక్కించి డప్పు వినేవాణ్ణి. కొన్నాళ్ళకు వినాల్సిన అవసరం కూడా పోయింది, కాళ్ళే వినేవి. ఒక పెళ్ళిసీజన్ అయ్యాక అబ్బా మా గల్లీలో అందరి ముందు, మావోడికి డప్పు చెవుల్లోకి కాదు, సీదా కాళ్ళల్లోకి పోతదని చెప్పుకుని మురిసిపోయాడు. నాకూ గర్వంగా అనిపించింది.

అంత మురిసిపోయిన మనిషే నేను ఇంటర్ పాసయ్యాక మాట మార్చాడు. పగ్గం తనతోనే ఆఖరు అనేవాడు. పూలకార్లు వచ్చాయి, రథాలు వచ్చాయి. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్నట్టు, పెళ్ళిళ్ళు ఉన్నా లేకపోయినా శనగలు నానబెట్టాల్సిందే. పైగా ఏళ్ళ తరబడి రోడ్లమీద నిలబడి ఆయన మోకాళ్ళు అరిగిపోయాయి. "మావోడు పోలీసైతడు," అని బ్యాండువాళ్ళకు, పూలు కట్టేవాళ్ళకు, చివరికి గుర్రమెక్కిన పెళ్ళికొడుకులకు కూడా చెప్పేవాడు. నేను పక్కనే పగ్గం పట్టుకుని తలొంచుకునేవాణ్ణి.

నా పరుగుకు తోడు ఒక దోస్తు ఉండేవాడు. మా వెనక గల్లీలో ఉండేవాడు. వాళ్ళమ్మ, మా అమ్మీ ఒకే కార్ఖానాకు బీడీలు చుట్టేవాళ్ళు, అట్లా చిన్నప్పటి నుంచే కలిసి పెరిగాం. మూతబడిన చక్కెర ఫ్యాక్టరీ పక్క రోడ్డు మీద పరుగెత్తేవాళ్ళం. ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ఆ దారంతా చెరుకు బండ్లతో నిండిపోయి మనిషి నడవడానికి సందు ఉండేది కాదని పెద్దవాళ్ళు చెప్పేవారు. మా కాలానికి ఖాళీ రోడ్డు దొరికింది. ఇంత విశాలమైన గ్రౌండ్ రాష్ట్రంలో ఇంకెవరికీ లేదని వాడు నవ్వేవాడు. చలికాలం వేరే ఊళ్ళ ఫ్యాక్టరీలకు చెరుకు మోసుకెళ్ళే ట్రాక్టర్లు ఎదురొచ్చేవి. వాటి దుమ్ము మింగుతూ పరుగెత్తేవాళ్ళం. వాడు నాకంటే నెమ్మది. నేను ముందు వెళ్ళి మూలమలుపు దగ్గర ఆగితే వాడు రొప్పుతూ వచ్చేవాడు.

"జర ఆగరాదురా, ఉద్యోగం ఏడికీ పోదు," అనేవాడు.

"పోతది. వయసు దాటినంక అదే పోతది," అనేవాణ్ణి.

ఒకరోజు వాడికి ఒక ఉపాయం తట్టింది. గుర్రాన్ని తీసుకొస్తే దానితో పాటు పరుగెత్తి వేగం పెంచుకోవచ్చన్నాడు. అది నాకూ బాగానే తోచింది. తెల్లారి గుర్రాన్ని ఫ్యాక్టరీ రోడ్డెక్కించాం. అదేమో పెళ్ళినడక తప్ప ఇంకో నడక ఎరగదు. దారిలో ముగ్గు కనిపించిన ప్రతి ఇంటి ముందూ, హారతి పళ్ళెం వస్తుందేమోనని నిలబడిపోయింది. చీపురు పట్టుకుని నిలుచున్న ఒక ముసలామె దగ్గరికైతే వెళ్ళి తల వంచింది. ఆమె నవ్వి దానికి బెల్లంముక్క పెట్టింది. ఆ పొద్దు మేమిద్దరం పరుగెత్తింది లేదు. ఇల్లు చేరేదాకా వాడు కడుపు పట్టుకుని నవ్వుతూనే ఉన్నాడు.

పరుగయ్యాక లైబ్రరీకి వెళ్ళేవాళ్ళం. పొద్దున కాస్త ఆలస్యమైతే ఫ్యాను కింది కుర్చీ దొరకదు. అందరి ముందూ అవే పుస్తకాలు ఉండేవి: జనరల్ స్టడీస్, అర్థమెటిక్, పాత ప్రశ్నపత్రాలు. నదుల పుట్టుక, రాజుల వంశాలు, రైలు స్తంభాన్ని దాటే సమయం. చదవేస్తే ఉన్న మతి పోయిందన్నట్టు, ఇంట్లో అమ్మీ ఏదైనా అడిగితే అందులో సరైన జవాబు ఎన్నోదో వెతుక్కునేవాణ్ణి. మధ్యాహ్నం మెతుకులు కడుపులో పడ్డాక ఆ హాల్లో సగంమంది పుస్తకం మీదే పడుకునేవాళ్ళు. నేను పడుకోకుండా లేచి వెనక బీరువాల దగ్గరికి వెళ్ళేవాణ్ణి. అక్కడ కథల పుస్తకాలు, నవలలు ఉండేవి. ఎవరూ తియ్యక అట్టలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. పరీక్షలో రానివి కాబట్టి వాటిని చదవడం దొంగతనం చేస్తున్నట్టు ఉండేది. ఒకటి తీసుకుని సంచిలో అర్థమెటిక్ కింద దాచేవాణ్ణి.

ఆ పుస్తకాలు నేను చదివింది గుర్రం మీద. మూఢంలోనూ, ఆషాఢంలోనూ పెళ్ళిళ్ళు ఉండవు. అట్లాంటప్పుడు గుర్రాన్ని కట్టేసి ఉంచితే కాళ్ళు వాస్తాయి. అందుకని రోజూ సాయంత్రం దాన్ని కాలువ గట్టు మీదుగా ఎడపల్లి దిక్కు నడిపించుకు రావాలి. జీను లేకుండా దుప్పటి పరిచి ఎక్కేవాణ్ణి. దానికి దారి తెలుసు. పగ్గం మెడ మీద వదిలేసి పుస్తకం తీసేవాణ్ణి. అటు చెరుకు, ఇటు వరి, మధ్యలో గట్టు మీద అది తన బరాత్ నడక నడుస్తుంటే నేను పేజీలు తిప్పేవాణ్ణి. ఎదురొచ్చిన ట్రాక్టరు డ్రైవరు ఒకడు బండి ఆపి మరీ అడిగాడు.

"ఏం భాయ్, పెండ్లి పిల్లగాడు పరీక్ష రాయవోతుండా?"

"పిల్లోళ్ళు పరీక్ష పెట్టిండ్రు, అందుకే చదువుతున్న," అన్నాను.

వాడు నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. అప్పటినుంచి నన్ను చూసినప్పుడల్లా పాసైనవా అని అరిచేవాడు. రోజు మొత్తంలో నాకు అలసట లేని సమయం ఆ కాసేపే. కింద కాళ్ళు గుర్రంవి, చేతిలో మాటలు ఇంకెవరివో, నేను చేయాల్సింది ఏమీ లేదు. సుఖమంటే నాకు ఇప్పటికీ అదే గుర్తొస్తుంది. వెలుతురు తగ్గి అక్షరాలు కనిపించకపోతే గుర్రం కూడా వెనక్కి తిరిగేది.

ఇట్లా నోటిఫికేషన్లు వచ్చాయి, పోయాయి. ఒకసారి రాతపరీక్షలో పోయింది, ఇంకోసారి చివరి పరీక్షలో పోయింది. నోటిఫికేషన్ వచ్చినప్పుడు కంటే రానప్పుడే ఎక్కువ అలసట. దేనికోసమో తెలియకుండా రోజూ పరుగెత్తాలి. కొందరు దోస్తులు విసిగిపోయి దుబాయ్ వెళ్ళారు, కొందరు హైదరాబాద్‌లో డెలివరీ బండ్లు నడిపారు. మేమిద్దరం మాత్రం మొండిగా మిగిలాం. చివరికి వచ్చిన నోటిఫికేషన్ నాకు ఆఖరిది. ఇంకోటి వచ్చేసరికి వయసు దాటిపోతుందని నాకు తెలుసు, అబ్బాకు తెలుసు. ఈసారి మొదటి రాతపరీక్ష ఇద్దరం పాసయ్యాం. పరుగు మిగిలింది. పరుగంటే నాకు భయం లేదు, రోజూ వాళ్ళు పెట్టిన టైముకంటే ముందే ముగించేవాణ్ణి. పరుగుకు ముందు వారం రోజులు అబ్బా నన్ను పగ్గం ముట్టనివ్వలేదు. మోకాళ్ళు నొప్పి పెడుతున్నా తనే గుర్రాన్ని తిప్పుకొచ్చాడు.

పరుగు రోజు మొదటి బస్సుకు నిజామాబాద్ వెళ్ళాం. గ్రౌండ్ గేటు ముందు అప్పటికే వరుసలు కట్టి ఉన్నారు. సర్టిఫికెట్లు చూడటం, ఎత్తు కొలవడం, ఛాతీకి నంబరు తగిలించడం, కాలికి టైము లెక్కగట్టే చిప్ కట్టడం అయ్యేసరికి ఎండ బాగా ఎక్కింది. మా ఇద్దరికీ ఒకే గుంపు పడింది. వాడి మొహం పాలిపోయి ఉంది. రోజులాగే నువ్వు ముందు పో, నేను నీ వీపు చూసుకుంట వస్తా అన్నాడు.

విజిల్ మోగింది. మొదటి రౌండు అందరితో పాటు తోసుకుంటూ గడిచిపోయింది. తర్వాత గుంపు పలచబడింది. నా ఊపిరి బాగానే ఉంది, కాళ్ళు బాగానే ఉన్నాయి. ముందు కొద్దిమందే ఉన్నారు. ఆఖరి రౌండులోకి వచ్చినప్పుడు, ఇంకేముంది అయిపోయింది అనుకున్నాను. నిజంగానే అట్లా అనుకున్నాను, అది బాగా గుర్తుంది.

గ్రౌండ్ గోడ అవతల ఒక ఫంక్షన్ హాల్ ఉంది. అక్కడ ఏదో పెళ్ళి. మగపెళ్ళివారు దిగినట్టున్నారు, వాళ్ళకు స్వాగతంగా ఎదురుకోళ్ళ బ్యాండు మోగుతోంది. మామూలు దెబ్బ. అది వినిపిస్తున్న సంగతి కూడా నేను పట్టించుకోలేదు. సరిగ్గా నేను గోడ పక్క మలుపు తిరుగుతున్నప్పుడు వాళ్ళు తీన్‌మార్ ఎత్తుకున్నారు.

నేను ఆగాను.

ఆగాలని ఆగలేదు. కుడిభుజం దానంతటదే వెనక్కి పడింది, మడమలు నేలకు ఆనాయి, కుడిచెయ్యి పగ్గం పట్టుకున్నట్టు పైకి లేచింది. పక్కనుంచి ఒకడు నన్ను రాసుకుంటూ వెళ్ళాడు, ఇంకొకడు ఏదో తిట్టాడు. నేను మాత్రం భుజం మీద గుర్రం ఊపిరి తగలడం కోసం ఎదురుచూస్తున్నాను. అది తగల్లేదు. అప్పుడు తెలివొచ్చింది.

మళ్ళీ పరుగు అందుకున్నాను. ఒకసారి నిలబడ్డ కాళ్ళు మొదటిలాగా లేవవు, పరుగెత్తిన ఎవరికైనా ఇది తెలుసు. పైగా గోడ వెంబడి ఉన్నంతసేపూ ఆ దెబ్బ చెవిలో పడుతూనే ఉంది, ప్రతి అడుగూ దాన్ని కాదనుకుని వెయ్యాల్సి వచ్చింది. దోస్తు నన్ను దాటిపోయాడు. వాడు నన్ను దాటడం అదే మొదటిసారి. గీత దాటి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నిలబడితే, కంప్యూటర్ ముందు కూర్చున్నాయన నా నంబరు చదివి పక్కకు నిలబడమన్నాడు. కొద్ది సెకన్ల తేడాతో పోయిందన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, జాలి కూడా లేదు. పొద్దుటి నుంచి ఆ మాట చాలామందికి చెప్పి ఉంటాడు.

దోస్తు పాసయ్యాడు. నేను నల్లా దగ్గర తల తడుపుకుంటుంటే వెతుక్కుంటూ వచ్చాడు.

"ఏమైందిర? మంచిగనే ఉరుకుతుంటివి గద."

"కాలు పట్టేసింది."

వాడు నా కాలు వైపు చూశాడు. తర్వాత గోడ వైపు చూశాడు. అవతల ఇంకా ఎగురుతూనే ఉన్నారు. వాడు మా బరాత్‌లలో నాతో తిరిగినవాడు, ముందు ఎగిరినవాడు. తన బాటిల్లో నీళ్ళు నా చేతికిచ్చాడు. బస్సులో ఎడపల్లి దాటేదాకా వాడు కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చున్నాడు. వాడికి సంతోషంగా ఉండే హక్కు ఉంది, నా పక్కన కూర్చుని ఆ హక్కు వాడుకోలేకపోతున్నాడు. నాకు వాడి మీద జాలేసింది, కొంచెం కోపం కూడా వచ్చింది.

ఇంటికొచ్చేసరికి అబ్బా గుర్రానికి మాలిష్ చేస్తున్నాడు. నా మొహం చూశాక ఫలితం అడగాల్సిన పని లేకపోయింది. కాలు పట్టేసిందని నేనే చెప్పాను. బ్యాండు సంగతి చెప్పలేదు. ఆ ఆగడం ఆయన నేర్పిందే. అది ఆయనకు చెప్తే ఇంక ఏ బరాత్‌లోనూ పగ్గం పట్టుకోలేడని నాకు అనిపించింది. పోయింది ఎట్లాగూ పోయింది, దానికి కారణం నా ఒక్కడి దగ్గర ఉంటే చాలనుకున్నాను.

"ఏ గ్రౌండ్ల వెట్టిండ్రు?" అని అడిగాడు అబ్బా.

చెప్పాను.

"ఫంక్షన్ హాల్ గోడ పక్కదా?"

"అదే."

నిజామాబాద్‌లో ఆయనకు తెలియని ఫంక్షన్ హాల్ లేదు, అన్నింటి ముందూ గుర్రంతో నిలబడ్డవాడే. చేతిలో బ్రష్ కాసేపు ఆగింది. తర్వాత మళ్ళీ గుర్రం వీపు మీద కదిలింది.

"ఏ కాలు?"

"కుడిది."

ఆ సాయంత్రం నన్ను అరుగు మీద కూర్చోబెట్టి కాలు తన ఒళ్ళో పెట్టుకున్నాడు. గుర్రం కాళ్ళకు రాయడానికి నువ్వుల నూనెలో కర్పూరం, వెల్లుల్లి వేసి కాచి ఉంచుతాడు. ఆ నూనెతో పిక్క నుంచి మడమ దాకా గట్టిగా రుద్దాడు. నొప్పి లేని కాలికి అంత మాలిష్ చేయించుకోవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. వద్దంటే అబద్ధం బయటపడుతుంది. పళ్ళు బిగించి కూర్చున్నాను. తెల్లారి కూడా పిలిచాడు, ఆ తర్వాతి రోజు కూడా. పనయ్యాక రోజూ నూనెగిన్నె పట్టుకుని వచ్చి కూర్చునేవాడు. ఒకరోజు పరధ్యానంగా ఉండి ఎడమకాలు చాపాను. ఆయన ఎడమకాలికే రుద్దాడు. పడుకున్నాక నాకు ఆ సంగతి తట్టింది. అబ్బా పెద్దవాడైపోతున్నాడు, మతిమరుపు వస్తోంది అనుకున్నాను.

ఆ తర్వాత చాలా రోజులు నేను పుస్తకం ముట్టలేదు. పొద్దున్నే మెలకువ వచ్చేది, పరుగు లేదు. లైబ్రరీలో నా కుర్చీలో ఇంకెవరో కూర్చుని ఉంటారనుకుని అటు వెళ్ళడమే మానేశాను. అర్థమెటిక్ పుస్తకం సంచిలోనే ఉంది, తియ్యాలనిపించలేదు. కాలువ గట్టు మీద గుర్రమెక్కి ఊరికే కూర్చునేవాణ్ణి. ట్రాక్టరు డ్రైవరు ఎప్పటిలాగే పాసైనవా అని అరిచాడు. లేదని చెయ్యి ఊపాను. ఆ తర్వాత ఎప్పుడు ఎదురైనా వాడు హారన్ మాత్రం కొట్టి వెళ్ళిపోయేవాడు.

దోస్తుకు ఉద్యోగం వచ్చింది, ట్రైనింగ్ అయింది, పెళ్ళి కుదిరింది. వాళ్ళమ్మ పసుపుబియ్యం తెచ్చి మా ఇంటికి వచ్చింది. చెప్పాల్సినవన్నీ చెప్పి లేవబోతూ, అబ్బా వైపు చూడకుండా నెమ్మదిగా అంది.

"బరాత్‌కు కారు చాలంటుండు అన్నా. గుర్రం వద్దంటుండు."

నాకు అర్థమైంది. నేను పగ్గం పట్టుకుని ముందు నడవకూడదని వాడు అట్లా అన్నాడు. నన్ను కాపాడుతున్నాడు. ఆ మాటకు వచ్చినంత కోపం నాకు పరుగు పోయిన రోజు కూడా రాలేదు. ఓడిపోవడం ఒకటి, ఓడిపోయినవాడివని అందరూ నీ చుట్టూ మెల్లగా నడవడం ఇంకొకటి. ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళాను.

"ఈ గల్లీల ఎవరి పెండ్లికి మా గుర్రం రాలేదు? నీ పెండ్లికి ఎందుకు రావద్దు?"

"నువ్వు ముందట నడుస్తుంటే నేను మీద ఎట్ల కూసుంటరా?"

"గుర్రం మీద కూసుంటవు. నా మీద కాదు గద."

వాడు నవ్వాడు. నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. గుర్రం ఖాయమైంది.

పెళ్ళిరోజు సాయంత్రం గుర్రానికి స్నానం చేయించి, కుచ్చుల జీను వేసి, నుదుటికి పట్టం కట్టాం. అబ్బాను ఇంట్లోనే ఉండమన్నాను. వినలేదు. పక్కన నడుస్తానన్నాడు. దోస్తు షేర్వానీ వేసుకుని, తలపాగా సర్దుకుంటూ గుర్రమెక్కాడు. ఎక్కగానే అందరు పెళ్ళికొడుకుల్లాగే రెండు చేతులతో జీను పట్టుకుని బిగుసుకుపోయాడు. అందరికీ చెప్పే మాటే వాడికీ చెప్పాను: మోకాళ్ళతో పట్టుకో, కిందికి చూడకు. వెనక పూలకారులో పెళ్ళికూతురు కూర్చుంది. బ్యాండు మొదలైంది. నేను కుడిపక్క పగ్గం పట్టుకున్నాను, అబ్బా ఎడమపక్క గుర్రం మెడ మీద చెయ్యి వేసి కుంటుతూ నడుస్తున్నాడు.

మా గల్లీ దాటి పెద్దరోడ్డుకు వచ్చాక తీన్‌మార్ ఎత్తుకున్నారు. నా భుజం వెనక్కి పడింది. మడమలు ఆనాయి. గుర్రం ఆగింది, దాని ఊపిరి నా భుజానికి తగిలింది. ముందు వాడి మేనమామలు, చిన్నప్పటి దోస్తులు, పొద్దున్నే నాతో పరుగెత్తినవాళ్ళు, అందరూ గుండ్రంగా చేరి ఎగరడం మొదలుపెట్టారు. నేను నేల చూస్తూ నిలబడ్డాను.

అబ్బా గుర్రం తల కింది నుంచి వంగి ఇటుపక్కకు వచ్చాడు. నా పక్కనే నిలబడ్డాడు. చాలాసేపు ఎగిరేవాళ్ళనే చూశాడు. తర్వాత నా వైపు తిరగకుండానే అడిగాడు.

"ఆడ గూడ గిదే కొట్టిండ్రా?"

అవునని తల ఊపాను. పైన దోస్తు కదలకుండా కూర్చున్నాడు. వాడికి వినపడిందో లేదో తెలియదు.

పగ్గం మీద నా చెయ్యి ఉంది, దాని మీద అబ్బా తన చెయ్యి వేశాడు. ఆ చెయ్యి కర్పూరం వాసన వేస్తోంది. తీన్‌మార్ అయిపోయేదాకా ఇద్దరం అట్లాగే నిలబడ్డాం. డప్పు మళ్ళీ మామూలు దెబ్బకు దిగింది, ముందున్నవాళ్ళు కదిలారు. నా కాళ్ళు ఎప్పటిలాగా వెంటనే లేవలేదు.

"నడువు బేటా," అన్నాడు అబ్బా.

నేను అడుగు వేశాను. గుర్రం నా వెనకే వచ్చింది.